పసుపు సొమ్ము – ఇంటి ముచ్చట

ఫాల్గుణ చైత్రములు మన బాల్కొండ ప్రాంతపు రైతు కుటుంబము సొమ్మును కండ్లజూచు దినములు. మృగశిరలో నాటిన పసుపు ఎనిమిది తొమ్మిది నెలలు భూమిలో నుండి, త్రవ్వబడి, కడాయిలో నుడికి, పక్షము దినములు కళ్లములో నెండి, డోలులో తిరిగి మెరుగు దేరి, నిజామాబాదు మార్కెట్టు యార్డులో కాడి యొకవైపు గోళ యొకవైపు రాసులుగా పోయబడి, తక్‌పట్టీ చేతికి వచ్చువరకు ఆ యింటివారందరును ‘పసుపు అమ్మినాక చూతము’ అను నొక్కమాటతోనే కాలము గడుపుదురు. పిల్లవాని చెప్పులు, ఇల్లాలి గాజులు, ముసలితల్లి కండ్లద్దములు, చిన్నకూతురి కాలిగొలుసులు, అన్నియు ఆ మాటకే వ్రేలాడుచుండును.

పసుపు అమ్ముడుపోవును. అడ్తిదారుని యొద్ద ముందుగ తీసికొన్నది చెల్లును. ఎరువుల దుకాణపు బాకీ తీరును. త్రవ్వకపు కూలి, ఉడికించినవారి కూలి, ట్రాక్టరు కిరాయి పోవును. మిగిలినది పెద్దకొడుకునకు బండియో, దగ్గరి చుట్టముల పెండ్లికి కట్నకానుకలో, లేక నీరు పడునో పడదో తెలియని మరియొక బోరో యగును. చెప్పులును, గాజులును, కండ్లద్దములును ‘వచ్చే పసుపుకు’ వాయిదా పడును. ఈ వాయిదాను గూర్చియే ఈ నెల మా యభిప్రాయమును సభ్యుల యెదుట నుంచదలచితిమి.

సహకారోద్యమము పుట్టుకతోనే పొదుపునకు కట్టుబడినది. మన దేశమున 1904వ సంవత్సరపు సహకార పరపతి సంఘముల చట్టమును, దానిని విస్తరించిన 1912 నాటి చట్టమును, రైతులలోను, చేతిపనివారిలోను, స్వల్పాదాయము గలవారిలోను పొదుపును స్వయంసహాయమును పెంపొందించుటయే తమ యుద్దేశమని పీఠికలోనే చెప్పుకొన్నవి. నిజాము రాజ్యమున 1914లో వచ్చిన చట్టమును ఆ బాటనే నడచినది. నాటినుండి నేటివరకు సహకార సభ యన పొదుపును గూర్చిన ఉపన్యాసము, సహకార పత్రిక యన మితవ్యయమును గూర్చిన వ్యాసము తప్పనిసరి యైనవి. ఆ బోధను కాదనుటకు మేము పూనుకొనలేదు. కాని ఆ బోధ వేదిక దిగి ఇల్లు చేరునప్పటికి దాని బరువు ఎవరి నెత్తిన పడుచున్నదో చూడవలసి యున్నది. సభలో పురుషులు విన్న పొదుపు ఇంటిలో స్త్రీలును పిల్లలును ఆచరింపవలసిన పొదుపుగ మారుచున్నది. ‘అప్పుచేసి పప్పుకూడు’ అను సామెత మనవారి నోట నెల్లప్పుడును మెదలుచుండును గదా! ఆ సామెతలో తప్పు పప్పుదా, అప్పుదా యని అడిగినవారు మాత్రము తక్కువ.

ఈ ప్రశ్నను నూటయేబది యేండ్ల క్రిందట నొక విచారణ సంఘము అడిగి, సమాధానము గూడ చెప్పినది. 1875లో బొంబాయి రాజధానిలోని పూనా, అహమ్మదునగరము జిల్లాల రైతులు వడ్డీవ్యాపారుల యిండ్లపై బడి అప్పుపత్రములను తగులబెట్టిరి. దానిపై ప్రభుత్వము నియమించిన సంఘము మరుసటి యేడు నివేదిక నొసగుచు, రైతు ఋణములకు పెండ్లిండ్లు పండుగలే మూలమను మాటకు తగినదానికన్న మించిన ప్రాధాన్యము ఈయబడినదని తేల్చినది. అట్టి ఖర్చులు అరుదుగ వచ్చుననియు, పెక్కేండ్ల మీద లెక్కించిన ఆ స్థితిలోని మనిషి ఇంటి సంతోషములకై వెచ్చింపదగినంతకన్న అవి యెక్కువ కావనియు, విత్తనము, ఎద్దులు, శిస్తు, తిండిగింజలు మొదలగు వానికై చేసిన చిన్నచిన్న బదుళ్లే వడ్డీతో నుబ్బి రైతును ముంచుచున్నవనియు ఆ నివేదిక సారాంశము. నేటి పెండ్లిండ్లకు ఆ మాట వర్తించునా యనిన మాకు సందేహమే. ఫంక్షను హాలు కిరాయి, వేయిమంది భోజనము, వీడియో, బ్యాండు అనుచు రెండెకరముల పసుపు నొక్క పూటలో కరగించు పెండ్లిని ఆ సంఘము వారు చూచియుండలేదు. దానిని గూర్చి వేరుగ వ్రాయవలసియున్నది. చిన్న ముచ్చటల విషయమున మాత్రము ఆ తీర్పు నేటికిని చెల్లుననియే మా నమ్మకము.

అది యెట్లన, ఒక యింటిని ఉదాహరణముగ తీసికొందము. విత్తనపు కొమ్ములు మొదలు డోలు కిరాయి వరకు ఎకరము పసుపునకు లక్షకు పైబడి పెట్టుబడి యగుచున్నదని మన సభ్యులకు మేము చెప్పనక్కరలేదు. ఆ లక్షను జూన్ నెలలో నూటికి నెలకు రెండు రూపాయల మిత్తికి తెచ్చి మార్చి నెలాఖరున చెల్లించిన యెడల, పది నెలలకు మిత్తి ఇరువదివేల రూపాయలు. అదే లక్షను సంఘము ద్వారా పంటఋణముగ తీసికొని గడువులోపల చెల్లించువానికి, కేంద్రప్రభుత్వపు వడ్డీరాయితీ పోను, ఏడాదికి నూటికి నాలుగు రూపాయలు. అనగా పది నెలలకు 3,333 రూపాయలు. రెంటికిని నడుమ భేదము 16,667 రూపాయలు.

ఇక ఇంటి ముచ్చటల వైపు చూతము. ఇల్లాలు ఏడాదికి నాలుగుమార్లు మారునకు నూటయేబది రూపాయల చొప్పున గాజులు వేయించుకొన్నది, ఆరు వందలు. వారమువారము అంగడిలో పిల్లలకు జిలేబియో మిరపకాయ బజ్జీయో నలుబది రూపాయలకు కొన్నది; 2,080 రూపాయలు. కార్తీకమాసమున భీంగల్ దగ్గరి లింబాద్రి గుట్ట జాతరకు ఒకసారి, మరియెప్పుడో సినిమాకొకసారి కుటుంబమంతయు పోయివచ్చిరి, రెండువేలు. బతుకమ్మ పండుగకు తనకు నచ్చిన చీర యొకటి కొనుకొన్నది; 1,500. మొత్తము 6,180 రూపాయలు. ఆ యింటి సంవత్సరపు సంతోషమంతయు మిత్తిలోని భేదమున సగమునకు గూడ రాలేదు. అయినను ఇంటిలో లెక్కల ప్రసక్తి వచ్చినప్పుడు మిత్తిని గూర్చి ఎవరును మాటలాడరు. గాజులను గూర్చి మాటలాడుదురు. మిత్తి విధి వలె వచ్చునదనియు, గాజులు కోరిక వలన వచ్చునవనియు మనవారి భావన. నిజమునకు రెంటిలో మార్చుకొనుటకు వీలైనది మిత్తియే.

ఈ లెక్కలో ఇంకొక పద్దు చేర్చలేదు. ఇంటి యజమాని రహదారి ప్రక్కని హోటలులో దినమునకు రెండుమార్లు పది రూపాయల చాయ త్రాగును. ఏడాదికి 7,300 రూపాయలు. ఒక్కని చాయ ఇంటిల్లిపాది ముచ్చటల కన్న మించినది! బీడీకట్ట, పాను, సాయంకాలపు కల్లు మేము లెక్కింపలేదు, లెక్కింపబోము. చాయ మానుమని చెప్పుట మా యభిప్రాయము కాదు. పొలమునుండి వచ్చినవాడు నలుగురితో కూర్చుండి ధరల మాటయో వానల మాటయో చెప్పుకొనుచు చాయ త్రాగుట మనిషికి కావలసిన సుఖమే. మేము చెప్పునది ఇది: ఆ చాయ ఏ పద్దులోను కనబడదు, ఏలననగా అది ఇల్లు చేరకమునుపే చెల్లిపోవును. గాజులు ఇంటికి వచ్చి చేతిమీద మ్రోగును గనుక ఖర్చుగ ఎంచబడును. కనబడు ముచ్చట దుబారా, కనబడని ముచ్చట అలవాటు, ఇంతే భేదము.

మన పల్లెలలో ఈ యన్యాయము మరింత కొట్టవచ్చినట్లు కనబడుటకు కారణము బీడీలు. వంట ముగించి, చాట ఒడిలో నుంచుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారము చుట్టుచు కూర్చుండు స్త్రీలు లేని వీధి బాల్కొండ చుట్టుప్రక్కల దొరకుట కష్టము. పసుపు ఏడాదికొకసారి వచ్చు సొమ్ము. బీడీలది నెలనెల వచ్చు సొమ్ము. ఉప్పు, నూనె, కరెంటు బిల్లు, బడిఫీజు, చిట్టీ వాయిదా, జ్వరము వచ్చినప్పుడు సూదిమందు, ఇవియన్నియు బీడీల సొమ్ముతోనే గడచును. పసుపు సొమ్మునకు ‘రాబడి’ యని పేరు. బీడీల సొమ్మునకు ‘చిల్లర’ యని పేరు. నాటినది మొదలు అమ్మువరకు ఆ యింటిని నూటికి మూడు రూపాయల మిత్తిగాని గుమ్మము త్రొక్కకుండ కాపాడినది ఆ చిల్లరయే. రాష్ట్రప్రభుత్వము 2015లో బీడీ కార్మికులకు నెలకు వేయి రూపాయల పింఛనును ఆరంభించి, 2019లో దానిని 2,016 రూపాయలకు పెంచినది. ఆ పింఛను చేతికందిన స్త్రీలలో దానినుండి తన కొరకు నూరు రూపాయలు ఖర్చుచేసి, ఆ మాట పైకి చెప్పగలిగినవారు ఎందరుందురు?

గల్ఫుదేశములకు పోయినవారి యిండ్ల సంగతి మరియొక రీతి. దుబాయి, సౌదీ, కువైటు, మస్కటు నుండి వచ్చు సొమ్మును బ్యాంకునుండి తెచ్చునది భార్యయే; అప్పులవారికి చెల్లించునదియు, పొలము చూచునదియు ఆమెయే. కాని ఫోనులో ప్రతి రూపాయకును ఆమె లెక్క చెప్పవలసియుండును. అక్కడివాడును తక్కువ కష్టపడుట లేదు. పదిమంది పడుకొను గదిలో నుండి, సెలవునాడు గూడ బయటకు పోక, తన ముచ్చటను చంపుకొనియే పంపుచున్నాడు. రెండేండ్లకొకసారి వచ్చునప్పుడు దుప్పటియు, సెంటుసీసాయు, ఖర్జూరములును తెచ్చును. ఇద్దరును తమతమ సంతోషములను మాని కూడబెట్టిన సొమ్ము ఇంటి గోడలుగ లేచుచున్నది. అట్టి యిండ్లలో కొన్నిటికి తాళములు వ్రేలాడుట చూచుచునే యున్నాము.

ఇంత కట్టుబాటులో స్త్రీలు ముచ్చట మానివేసిరా? మానలేదు, దాచిరి. పోపులడబ్బాలో పసుపు క్రింద మడిచిన నోటు, బియ్యపు డబ్బా యడుగున చిన్న మూట, పాతచీర మడతలో కాగితపు పొట్లము, ఇవి మన యింటింటి బ్యాంకులు. వీనికి వడ్డీ లేదు. కాని అడుగువారును లేరు. ఆ రెండవ సుఖము కొరకు మొదటి దానిని వదలుకొనుట తెలివితక్కువ కాదని మా యుద్దేశము. 2016 నవంబరు 8వ తేదీ రాత్రి 500, 1000 రూపాయల నోట్లు చెల్లవని ప్రకటింపబడినప్పుడు ఈ బ్యాంకులన్నియు నొక్కసారిగ బయటపడవలసి వచ్చినవి. నోటు మార్చుకొనుటకు బ్యాంకునకు పోవలె. బ్యాంకునకు పోవలెనన్న ఇంటిలో చెప్పవలె. పది పదునైదేండ్లుగ ఎవరికిని తెలియక కూడబెట్టిన సొమ్మును భర్త యెదుటనో కొడుకు యెదుటనో పెట్టవలసి వచ్చిన స్త్రీల మనఃస్థితిని మన పత్రికలు పరిహాసమునకే వాడుకొన్నవి. ఆ సొమ్ములో పెద్దభాగము ఖాతాకు చేరినది. ఖాతాకు చేరినది పెట్టుబడికి చేరినది. మరల పోపులడబ్బాకు తిరిగివచ్చినది ఎంతయో ఆ యిల్లాండ్రకే తెలియును.

గృహిణులు మొదలగువారు ఆ దినములలో జమచేసిన రెండున్నర లక్షల వరకు విచారణ చేయబోమని కేంద్రప్రభుత్వము ప్రకటించినది. ఆగ్రాలోని ఆదాయపు పన్ను అప్పీళ్ల న్యాయపీఠము సైతము 2021లో, గృహిణి ఇంటి ఖర్చులలో మిగిల్చి ఆ మేరకు జమచేసిన సొమ్మును లెక్క చూపని ఆదాయముగ ఎంచరాదని తీర్పు చెప్పినది. పన్నుల అధికారులైనను ఒప్పుకొనవలసి వచ్చిన ఆ సొమ్మును ఇంటివారు ఒప్పుకొనకుండుట వింతగ నున్నది.

పురుషుని యలవాటు సొమ్ము స్త్రీ పొదుపుగ మారినప్పుడు ఏమగునో తెలుగువారికి క్రొత్తగ చెప్పనక్కరలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణమునకు ఎదురు నిలిచిన స్త్రీల యుద్యమము 1992లో రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరు 1వ తేదీనుండి సారా నిషేధమునకు దారితీసినది. ఆ జిల్లాలోనే దినమునకొక రూపాయి చొప్పున కూడబెట్టు ‘పొదుపు లక్ష్మి’ సంఘములు వెలసినవి. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము రెండేండ్లకే సడలినది. పొదుపు సంఘములు మాత్రము నిలిచి, ఊరూర డ్వాక్రా సంఘములుగ విస్తరించినవి. కరీంనగరము, ఓరుగల్లు ప్రాంతముల మహిళా పొదుపు సంఘములనుండియే ముల్కనూరు స్త్రీల పాల సహకార సంఘము పుట్టి, తన సొంత డెయిరీని నడుపుకొనుచున్నది. ఇవి గొప్పపనులు. అయినను ఒక కొరత కలదు. డ్వాక్రా పొదుపు అప్పునకు మెట్టుగ మారినది. పొదుపు చేయుట అప్పు కొరకు, అప్పు పొలము కొరకో కొడుకు కొరకో, వాయిదా మరల ఆమె చేతిబీడీల నుండి. ఆ చక్రములో నెక్కడను ఆమె ముచ్చటకు చోటు లేదు.

జపానుదేశమున హని మొటొకో అను పత్రికారచయిత్రి 1904లో గృహిణుల కొరకు ఇంటిలెక్కల పుస్తకమొకటి అచ్చువేయించినది. మనవద్ద మొదటి సహకార చట్టము వచ్చినదియు ఆ యేడే యగుట కాకతాళీయము. ఖర్చయిన పిదప వ్రాసికొనుట కాక, ముందుగనే ఏ పద్దునకెంతయని నిర్ణయించుకొని నెలాఖరున సరిచూచుకొనుట ఆ పుస్తకపు పద్ధతి. నూరేండ్లకు పైగ వెలువడుచు వచ్చిన ఆ పుస్తకములో తిండికి, బట్టకు, చదువునకు వలెనే వినోదమునకును ఒక గడి కలదు. కష్టజీవులనియు మితవ్యయులనియు ప్రసిద్ధిగన్న జనము సంతోషమునకు గడి వేసికొనగా, మన లెక్కలలో దానికి చోటు లేకపోవుట యేల? గడి లేని ఖర్చు ఆగిపోవునని తలంచుట పొరపాటు. అది వేరొక గడిలో దూరును. బియ్యపు ఖర్చులో పది రూపాయలు, కూరగాయలలో ఇరువది కలిసిపోవును. అప్పుడు ఇంటిలెక్క యంతయు అబద్ధమగును. అబద్ధపు లెక్క చూచి పెట్టుబడిని అంచనా వేయు రైతు అప్పులో పడుటలో ఆశ్చర్యమేమున్నది?

కాబట్టి మా సూచన యిది. తక్‌పట్టీ సొమ్ము చేతికి వచ్చిన దినముననే, బండియో బోరో తలపునకు రాకమునుపే, రెండు పద్దులు కట్టవలెను. మొదటిది జూన్ మాసపు నాట్లకు. ఎకరమునకు ఇరువదియైదు వేలు సంఘములో డిపాజిటుగ నుంచిన, ఆ మేరకు నూటికి రెండు రూపాయల మిత్తికి తేనక్కరలేదు; పది నెలల మీద అయిదువేల రూపాయలు మిగులును. రెండవది ముచ్చట పద్దు. దానికి ఆరువేలు. మొదటి పద్దు మిగిల్చిన మిత్తియే రెండవ పద్దును చాలవరకు పోషించును. ఇంటి రాబడినుండి తీసినది వేయి రూపాయలే.

ఈ ముచ్చట పద్దు ఇల్లాలి పేరిట, ఆమెయే సంతకమో వ్రేలిముద్రయో వేసి తీసికొనునట్టి పొదుపుఖాతాలో నుండవలెను. పట్టా పురుషుని పేర నున్న యిండ్లలో సంఘసభ్యత్వమును అతని పేరనే యుండుట వాడుక. ఖాతా తెరచుటకు పట్టా యక్కరలేదు. తపాలా కార్యాలయములో నెలకు నూరు రూపాయలనుండి కట్టదగిన అయిదేండ్ల జమపథకము కలదు. అది మంచిదే గాని ముచ్చటకు పనికిరాదు, మూడేండ్లు నిండక మూయుటకు వీలుండదు. అది కూతురి చదువునకు తగినది. ముచ్చట సొమ్ము అంగడినాడు అడిగిన అంగడినాడే దొరకవలెను.

అన్నిటికన్న ముఖ్యమైనది మరియొకటి. ఈ పద్దునుండి ఎంత తీసినదో వ్రాయవలెను. ఎందులకు తీసినదో అడుగరాదు. ఆమె గాజులు కొనవచ్చును, పుట్టింటి తమ్మునికి చొక్కా కొనవచ్చును, సకినాల పిండికి నువ్వులు ఎక్కువగ వేయవచ్చును, ఏమియు కొనక దాచుకొనవచ్చును. హోటలు చాయకు లెక్క అడుగని యింటిలో దీనికి లెక్క అడుగుట న్యాయము కాదు. ఈ నియమము లేనిచో పద్దు పేరు మారిన పోపులడబ్బాయే యగును. పోపులడబ్బాయే మేలనిపించును గూడ.

ధర బాగుగ నున్న యేడు ఎక్కువ, లేనియేడు తక్కువ యుంచవచ్చునా యని కొందరు అడుగవచ్చును. మేము దానికి సమ్మతింపము. మన పసుపు ధర నిలకడ లేనిదని అందరెరుగుదురు. 2010లో క్వింటాలు పదునైదువేలు దాటినది. తరువాత పడిపోయి, 2019–20 ప్రాంతమున ఆరువేలకు అటునిటు తిరిగినది. 2024లో మరల పదునైదువేలు మించినది. ఆ నడుమ 2019 లోకసభ ఎన్నికలలో నిజామాబాదు స్థానమునకు 185 మంది పోటీచేయగా, వారిలో నూటడెబ్బదికి పైబడినవారు గిట్టుబాటు ధర కోరి నిలిచిన రైతులే. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదులో ప్రారంభింపబడినది. ధరను నిలుపుటకు అది చేయవలసిన పని చేయుగాక. అంతవరకు పిల్లవాని జిలేబి సాంగ్లీ మార్కెట్టు ధరకు కట్టుబడి యుండుట తగదు. ముచ్చట పద్దు ఏటేట నొక్క తీరున నుండవలెను. ధర పడిన యేడు ఇంటికి సంతోషము మరింత యవసరము. ధర పెరిగిన యేడు అదనపు సొమ్మంతయు నాట్ల పద్దునకు పోవలెను గాని ముచ్చట పేరిట పెద్ద వస్తువులు రాగూడదు. లక్ష రూపాయల బండి ముచ్చట కాదు. అది వాయిదాలతో కూడిన అప్పు.

దీనిని చదివి మమ్ము దుబారా బోధకులనువారు కొందరుందురు. వారికి మా మనవి యొకటే. తమ యింటి కడపటి మూడేండ్ల అప్పుల కాగితములను ముందు పెట్టుకొని, అందులో గాజుల కొరకు వ్రాసియిచ్చిన ప్రామిసరీ నోటు ఒక్కటైనను ఉన్నదేమో వెదకి చూచి, పిదప మమ్ము నిందింపవలెను. ముచ్చటలే లేని యిల్లు పొదుపరి యిల్లనియు మేమొప్పుకొనము. నిత్యము కాదనిపించుకొనిన పిల్లవాడు చేతికి మొదటి జీతము వచ్చిననాడు వాయిదాలపై ఫోను కొనును. చిన్నదానికి ఎన్నడును నోచుకొనని యింటిలో పెద్దదాని యాశ యెక్కువ. మన సంఘమున బాకీపడినవారి జాబితాను చూచిన, సంతోషముగ బ్రతికిన యిండ్లకన్న బిగబట్టుకొని యొక్కసారి తెగించిన యిండ్లే యెక్కువగ కనబడును. పేర్లు చెప్పుట మర్యాద కాదు.

అమ్మకములు ఇంకను వైశాఖము వరకు సాగును గనుక ఈ యేడే మొదలిడుటకు వ్యవధి యున్నది. సంఘ కార్యాలయమునకు సొమ్ము జమచేయుటకు వచ్చు సభ్యులు తమ యిల్లాండ్రను, వారి ఆధారు కార్డును, రెండు ఫొటోలను వెంట తీసికొని రావలెను. ముచ్చట పద్దు తెరచినవారు బతుకమ్మ పండుగ గడచిన పిదప తమ యనుభవమును కొలది పంక్తులలో వ్రాసి పంపిన యెడల కార్తీకమాసపు సంచికలో ప్రకటింతుము. ఇల్లాండ్రు స్వయముగ వ్రాసినవానికి ముందు చోటిచ్చెదము. సొమ్ము ఎందులకు ఖర్చుచేసినదియు అందులో తెలుపనక్కరలేదు.